మద్యవిక్రయపు లైసెన్సు — అందించువాని ధర్మము
(వార్షికమహాసభయందలి యుపన్యాసపాఠము)



మద్యవిక్రయమునకు సంబంధించిన శాసనములను గూర్చియు, ఆ శాసనముల క్రింద దుకాణములయందును బార్లయందును పనిచేయు మన యువకుల బాధ్యతను గూర్చియు ఈ మహాసభలో నాలుగుమాటలు విన్నవింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము గోరిరి. విద్య, వసతిగృహములు, వివాహవ్యయముల తగ్గింపు మొదలగు విషయములపై ఈ వేదికనుండి పలుమారు ఉపన్యాసములు జరిగినవి. ఈ విషయముపై మాత్రము జరుగలేదు. కారణము స్పష్టమే. మద్యమును గూర్చి మాటలాడినచో కొందరు పెద్దలు, “ఇది మానవలసిన వ్యాపారముగాని నేర్పవలసిన విద్యయా?” యందురు. మరికొందరు, “ఇది మన కూడు, దీనిని గూర్చి సభలో విమర్శ యెందుకు?” యందురు. ఈ రెండు మాటలయందును కొంత సత్యము గలదు. అయినను ఈ రెండు మాటల నడుమ మన పిల్లవాడొకడు రాత్రి పదిగంటలవేళ కౌంటరువెనుక నిలువబడి యున్నాడు. వానికి ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో చెప్పువారు లేరు. వానికొరకే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, శ్రీశయన, యాత అను పేర్లతో తెలుగుదేశమంతట వ్యాపించియున్న మనవారికి తాటిచెట్టును ఈతచెట్టును తల్లివంటివి. మోకును ముస్తాదును భుజమున వైచుకొని తెల్లవారక మునుపే చెట్టెక్కినవారి సంతతివారము మనము. నేడు చెట్లు తగ్గినవి; చెట్టెక్కువారును తగ్గిరి. ఆ కుటుంబములలోని యువకులు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, బెంగుళూరు నగరములందు బార్లలోను హోటళ్లలోను వడ్డించువారుగను, లెక్కలు వ్రాయువారుగను జేరుచున్నారు. తాత చెట్టుమీద ప్రాణమునకు దెగించి పనిచేసెను. మనుమడు చట్టముమీద నడచుచున్నాడు. మోకు తెగిన తాత పడును. షరతు తప్పిన మనుమడు పడును.

శాసనముల పూర్వచరిత్ర

చెన్నరాజధానియందు 1886వ సంవత్సరపు ఆబ్కారీ చట్టమును, నిజామురాజ్యమున 1316 ఫసలీనాటి ఆబ్కారీ చట్టమును మన వృత్తిని ప్రభుత్వపు పద్దులోనికి దెచ్చినవి. చెట్టునకు పన్ను, దుకాణమునకు గుత్త అను పద్ధతి యేర్పడెను. గీచువాడొకడు, గుత్తదారుడొకడు అయ్యెను. చెట్టెక్కినవానికి కూలియు, ఎక్కనివానికి లాభమును దక్కినవి. ఈ వ్యత్యాసము మన చరిత్రలో మరల మరల కనబడుచున్నది. దీనిని మనస్సున నుంచుకొని తక్కిన మాటలను విన ప్రార్థన.

1937వ సంవత్సరమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్యనిషేధ చట్టము చేసి, ఆ యేటి అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో దానిని ప్రారంభించెను. మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు అది వ్యాపించెను. యుద్ధకాలమున కొంత సడలినను, స్వాతంత్ర్యానంతరము 1948 నాటికి రాజధాని యంతటను అమలయ్యెను. ఆ నిషేధము సదుద్దేశముతో చేయబడినదే. కాని గీతకత్తి తప్ప వేరు పనిముట్టు నెరుగని కుటుంబములకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చాలినంతగా చూపబడలేదు. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట నిషేధమును ఎత్తివేయుడని రామమూర్తి సంఘము సిఫారసు చేసెను. గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున సత్యాగ్రహము నడపిరి. తుదకు 1954 నవంబరులో మద్యనిషేధ విధానముపై వచ్చిన అవిశ్వాసతీర్మానమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. గీతపనివాని కడుపుమంట ఒక మంత్రివర్గమును దింపగలిగినదని మనవారు గర్వముతో చెప్పుకొందురు. చెప్పుకొనవచ్చును.

అయితే అదే చరిత్రకు రెండవ పుటయు గలదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. రోశమ్మగారి పేరు నాడు దేశమంతట వినబడెను. ఆ యుద్యమము పల్లెపల్లెకు ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16వ తేదీన ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఒక మంత్రివర్గమును గీతపనివాని యాకలి దింపినయెడల, సారాయి వ్యాపారమునంతను ఆడవారి కన్నీరు దింపినది. అమ్మువాడు తన చేతిని తాను అదుపులో నుంచుకొననినాడు, వ్యాపారమే లేకుండ చేయు శక్తి త్రాగినవాని యింటిలోనే పుట్టునని ఈ రెండవ పుట మనకు బోధించుచున్నది.

లైసెన్సు హక్కు కాదు

మనవారిలో పెక్కుమంది లైసెన్సును పొలముపట్టావంటి దానినిగా తలచుచున్నారు. అది పొరపాటు. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులోని రాష్ట్రజాబితాయందు 8వ అంశముగా మాదకపానీయములు చేర్చబడినవి. కావుననే ప్రతి రాష్ట్రమునకును తన చట్టము వేరు. 47వ అధికరణము, వైద్యమునకు దక్క మాదకపానీయముల వాడకమును నిషేధించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని నిర్దేశించుచున్నది. మద్యవ్యాపారము చేయుటకు పౌరునికి మౌలికమగు హక్కు లేదని సుప్రీముకోర్టు 1954లో కూవర్‌జీ భరూచా వ్యాజ్యమునను, 1994లో ఖోడే డిస్టిలరీసు వ్యాజ్యమునను తీర్పు చెప్పియున్నది. లైసెన్సనగా ప్రభుత్వము తన విశేషాధికారమునుండి కొంతకాలమునకు, కొన్ని షరతులతో విడిచియిచ్చిన అనుమతి మాత్రమే. షరతు చెడిన అనుమతి చెడును.

ఉభయ తెలుగురాష్ట్రములందును 1968వ సంవత్సరపు ఎక్సైజు చట్టమే నేటికిని మూలము. 2014 తరువాత తెలంగాణమున అది ఆ రాష్ట్రపు పేరుతో నడచుచున్నది. దుకాణమునకు ఒక లైసెన్సు, కూర్చుండి త్రాగు బారునకు వేరొక లైసెన్సు, కల్లునకు మరియొకటి. సహకారసంఘముల ద్వారా కల్లుదుకాణములు నడుపు పద్ధతియు, చెట్టు గీచువానికే చెట్టు నిచ్చు పద్ధతియు గలవు. వీనిలో ఒకదాని హక్కు మరొకదానికి రాదు. సీసా అమ్ముటకు మాత్రమే అనుమతి గలవాడు గ్లాసులో పోసి కూర్చుండబెట్టరాదు. బారులైసెన్సుగలవాడు మూతవిప్పని సీసాను సంచిలో పెట్టి పంపవచ్చునా యనునది వాని లైసెన్సుపత్రము చదివి తెలిసికొనవలసిన విషయము. మేమిచ్చట అడుగుచున్న ప్రశ్న ఒక్కటే: మన పిల్లలలో ఎందరు తాము పనిచేయు దుకాణపు లైసెన్సుపత్రమును ఒక్కసారి యైనను చదివిరి?

ఆ పత్రమునందు సామాన్యముగా ఉండు విషయము లివి: అమ్ముటకు అనుమతింపబడిన చోటును దాని హద్దులును, తెరచు వేళ, మూయు వేళ, సరకు ప్రభుత్వ పానీయసంస్థ డిపోనుండి తప్ప మరెచ్చటినుండియు తేరాదను నియమము, ముద్రిత ధరకు మించి అమ్మరాదను నియమము, మూత, ముద్ర, లేబులు చెరుపరాదు, నీరు కలుపరాదు అను నియమము, 21 సంవత్సరములు నిండనివానికి అమ్మరాదను నియమము. వీనిలో ఏది తప్పినను లైసెన్సుదారునకు జరిమానాయో రద్దో కలుగును. స్వహస్తముతో తప్పు చేసిన సేవకుడును తప్పించుకొనలేడు. “యజమాని చెప్పినాడు” అనునది సేవకునికి రక్ష కాదు. “పనివాడు చేసినాడు, నే నెరుగను” అనునది యజమానికిని చాలదు.

చట్టము మారుచుండుననుటకు రెండు ఉదాహరణములు చెప్పెదము. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యదుకాణ ముండరాదని 2016 డిసెంబరు 15వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2017 మార్చి 31వ తేదీన 20,000 జనాభాకు మించని ఊళ్లలో ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించెను. అదే సంవత్సరమున పురపాలక పరిధులకు మినహాయింపును స్పష్టపరచెను. దుకాణమునకై లక్షలు పోసినవాడు పత్రికలు చదువక నష్టపోయిన సందర్భములు ఆ రోజులలో తక్కువ గాదు. రెండవది మన యాడపడుచులకు సంబంధించినది. మద్యము వడ్డించుచోట స్త్రీలను, 25 సంవత్సరములలోపు పురుషులను పనిలో పెట్టుకొనరాదన్న పంజాబు ఎక్సైజు చట్టపు నియమమును, ఢిల్లీ వ్యాజ్యమున 2007లో సుప్రీముకోర్టు రాజ్యాంగవిరుద్ధమని త్రోసివేసెను. స్త్రీని రక్షింపవలసిన ఉపాయము ఆమెను పనినుండి తొలగించుట కాదు, పనిచేయుచోట భద్రత కల్పించుట యని ఆ తీర్పు సారాంశము. ఈ వృత్తిలోనికి వచ్చు మన బాలికల గూర్చి మాటలాడునపుడు పెద్దలు దీనిని జ్ఞాపకముంచుకొందురుగాక.

కొలతయొక్క లెక్క

చట్టమును చదివినంతమాత్రమున చాలదు. అందించువానికి తాను అందించు వస్తువు తెలియవలయును. బీరు మెత్తనిది, బ్రాందీ ఘాటైనది అని లోకమున నొక నానుడి. ఇది ప్రమాదకరమగు అర్ధజ్ఞానము. లెక్క చూతము.

విస్కీ, బ్రాందీ, రమ్ము మొదలగువాని సీసాలపై నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలని ముద్రింపబడి యుండును. చిన్నపెగ్గు 30 మిల్లీలీటర్లు. అందు ఆల్కహాలు సుమారు 10 గ్రాములు. పెద్దపెగ్గున 20 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టరుసీసాలో సుమారు 60 గ్రాములు. అనగా ఆరు చిన్నపెగ్గులు. ఇక నూటికి 5 పాళ్లుగల 650 మిల్లీలీటర్ల బీరుసీసాలో సుమారు 26 గ్రాములు. నూటికి 8 పాళ్లుగల ఘాటుబీరు అదే సీసాలో 41 గ్రాములు. అనగా “ఒక బీరే గదా” యని త్రాగినవాడు నాలుగు చిన్నపెగ్గులు త్రాగినవానితో సమానుడు. కల్లు గీచిన వేళనుబట్టియు, పులిసిన గడియలనుబట్టియు మారుచుండును. ఉదయపు కల్లు వేరు, సాయంకాలపు కల్లు వేరని మన ముత్తాతలు నోటితోనే తెలిసికొనిరి.

శరీరము ఆల్కహాలును గంటకు 7 మొదలు 10 గ్రాముల వరకు మాత్రమే ఖర్చు చేయగలదు. ఈ వేగమును పెంచు ఔషధము వంటింటిలో లేదు. నిమ్మరసము, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానము ఇవి మత్తును దింపవు. మత్తులోనున్నవానిని కొంత మేలుకొలుపునంతే. రాత్రి పదిగంటలకు క్వార్టరు ముగించినవాని రక్తమునుండి అది పూర్తిగా పోవుటకు ఆరునుండి తొమ్మిదిగంటలు పట్టును. తెల్లవారి బస్సు నడుపవలసిన డ్రైవరు రాత్రి త్రాగినదానికి ఉదయమున పట్టుబడుట ఇందువలననే. కడుపులో ఆహార మున్నయెడల మద్యము రక్తములోనికి మెల్లగా చేరును. కావుననే పరగడుపున త్రాగవచ్చినవానికి ముందు తినుట కేదైన నుంచుట మర్యాదయు, రక్షణమును గూడ.

1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము ప్రకారము నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నవాడు వాహనము నడుపరాదు. 2019 సవరణ తరువాత మొదటి తప్పునకు 10,000 రూపాయల జరిమానాయో, ఆరునెలల వరకు ఖైదో, రెండునో. రెండవసారి 15,000 రూపాయల జరిమానాయో, రెండేండ్ల వరకు ఖైదో, రెండునో. అరువది కిలోల బరువుగల పురుషుడు పరగడుపున ఒక్క పెద్దపెగ్గు త్రాగినంతమాత్రముననే ఈ పరిమితి దాటవచ్చును. బండితాళము బల్లమీద పెట్టి రెండవ పెగ్గు అడుగువానిని చూచినపుడు ఈ లెక్క మన పిల్లవాని మనస్సున మెదలవలెను.

“చాలు” అను మాట

అందించువాని విద్యలో కడు కష్టమైనది నిరాకరణము. ఎవరికి నిరాకరింపవలెను? వయస్సు చాలనివానికి, వయస్సునుగూర్చి సందేహము కలిగి గుర్తింపుపత్రము చూపనివానికి, మాట తడబడి, అడుగు తప్పి, పైకమును లెక్కింపలేక యున్నవానికి, ఇతరులతో కలహమునకు దిగినవానికి, బండి నడిపెదనని పట్టుబట్టువానికి, మూయువేళ దాటిన పిదప వచ్చినవాడు ఎంత గొప్పవాడైనను వానికి.

ఎట్లు నిరాకరింపవలెను? ఇందును ఒక పద్ధతి కలదు. మొదట తొందరపడి పోయరాదు. గ్లాసు ఖాళీ కాకమునుపే నింపరాదు. నీళ్లసీసాను అడుగకముందే బల్లపై నుంచవలెను. మత్తు తలకెక్కు లక్షణము కనబడినంతనే తోడివారిలో నిగ్రహము గలవానిని ప్రక్కకు పిలిచి చెప్పవలెను. పదిమంది యెదుట అవమానింపరాదు, వాదింపరాదు, నవ్వరాదు, చేయి వేయరాదు. “నీవు త్రాగి పడిపోయినావు” అనుటకును, “అన్నా, ఇయ్యాల్టికి చాలు, ఆటో పిలుస్త, పైలంగ ఇంటికి పో” అనుటకును హస్తిమశకాంతరము గలదు. మొదటిది కలహమును దెచ్చును. రెండవది మనిషిని నిలుపును. ఒకడు నిరాకరించిన దానిని వేరొకడు అందించినచో మొదటివాని మాటకు విలువ యుండదు. కావున దుకాణములోనివారందరు ఒకే మాటపై నిలువవలెను.

పడిపోయి పిలిచినను పలుకనివానిని “నిద్రపోనిండు” అని మూలకు నెట్టరాదు. వెల్లకిల పరుండిన మత్తుమనిషి వాంతి శ్వాసనాళములో బడి చచ్చును. వానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, ఊపిరి చూచుచు, 108కి ఫోను చేయవలెను. మరునాడు కన్ను మసకబారినదని, తల పగులుచున్నదని, కడుపునొప్పియని ఎవడైన చెప్పిన అది మిథనాలు అను విషముయొక్క లక్షణము కావచ్చును. అది శరీరములో ఫార్మికామ్లముగా మారి కంటినరమును కాల్చివేయును. గంట ఆలస్యమైనను చూపు పోవును, ప్రాణమును పోవచ్చును. ఇంటివైద్యము వలదు, పెద్దాసుపత్రి కావలెను. 2024 జూనులో తమిళనాడు కళ్లకురిచ్చిలో కాటుసారా త్రాగి అరువదిమందికి పైగా చనిపోయిరి. ముద్రలేని సరకును, చౌకగా వచ్చినదని, ఏ దుకాణపు వెనుకగదియందును పెట్టరాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఇచ్చట ఒక నిజమును దాచకుండ చెప్పవలసియున్నది. నిరాకరింపుమని పిల్లవానికి బోధించుట సులభము. వాని జీతము స్వల్పము. బల్లమీద మిగులు చిల్లరయే వాని యింటి అద్దె. అమ్మిన సీసాల లెక్కనుబట్టి వానికి బహుమానము. “కాదు” అన్నవానికి మరునాడు పని యుండదను భయము. ఇట్టివానికి ధర్మోపదేశము చేయుట, మోకు లేనివానిని చెట్టెక్కుమనుటయే. ఆ మోకును ఇవ్వవలసినవారు ఈ సభలో మొదటి వరుసయందు కూర్చుండియున్న లైసెన్సుదారులు. తమ పనివాడు చట్టప్రకారము నిరాకరించినపుడు వాని పక్షమున నిలిచెదమని వారు వ్రాసియిచ్చిననాడు, ఈ విద్య విద్య యగును.

మన యింటి మచ్చ

పరుల దోషమును చెప్పి మన దోషమును మరుగుపరచుట సభామర్యాద కాదు. కల్లు మన పేరున నున్నది. అందు కలిసిన విషమును మన పేరుననే నిలుచును. చెట్టు ఇంత యిచ్చునని లెక్క గలదు. పట్టణమున గిరాకికి లెక్క లేదు. ఈ రెంటి నడుమ నున్న వెలితిని నీటితోను, శాకరీనుతోను, క్లోరల్ హైడ్రేటుతోను, డయజిపాము, ఆల్ప్రజోలాము అను నిద్రమందులతోను పూడ్చు పాపాత్ములు బయలుదేరిరి. డయజిపాము, ఆల్ప్రజోలాము 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము క్రిందికి వచ్చును. అందు శిక్ష ఎక్సైజు జరిమానావంటిది కాదు, ఏండ్లతరబడి కారాగారము.

హైదరాబాదు నగరమున 2004లో కల్లుదుకాణములు మూయబడి, 2014లో మరల తెరువబడెను. తెరిపించుటకు మనవారు పడిన శ్రమ మీ యెరుకయే. 2025 జూలైలో కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగినవారు ఆసుపత్రులపాలై, వారిలో పలువురు చనిపోయిరి. పదేండ్ల శ్రమతో సంపాదించినదానిని పది గ్రాముల పొడి పోగొట్టగలదు. మరియొక సంగతి. ఇట్టి కల్లునకు అలవాటుపడినవానికి అది హఠాత్తుగా మానిపించినచో చేతులు వణకుట, పిచ్చిమాటలు, మూర్ఛలు కలుగును. అది దయ్యము కాదు, నాటకమును కాదు. మందు విడిచినందున కలిగిన వ్యాధి. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పింపవలెను. మా యూళ్లలో ఇట్టివారిని త్రాటితో కట్టివైచిన ఇండ్లను మేము చూచితిమి. ఆ యింటివారికి ఎవరును చెప్పలేదు, చెప్పవలసినవారము మనమే.

పేరు ఒకరిది, లాభ మొకరిది

ఇక తుదియంశము. తెలంగాణ ప్రభుత్వము 2021లో మద్యదుకాణముల కేటాయింపునందు గౌడులకు నూటికి 15, షెడ్యూలు కులములవారికి 10, షెడ్యూలు తెగలవారికి 5 వంతున ప్రత్యేకించెను. ఆంధ్రప్రదేశమున 2019 మొదలు ప్రభుత్వమే దుకాణములు నడిపి, 2024 అక్టోబరున మరల ప్రయివేటువారికి అప్పగించి, పిమ్మట గీతకులములకు నూటికి 10 వంతున కేటాయించెను. తరతరములు చెట్టెక్కినవానికి దుకాణపు గద్దెపై కూర్చుండు అవకాశమిది. సంతోషము.

కాని దరఖాస్తురుసుమునకును లైసెన్సురుసుమునకును పెట్టుబడి లేని మనవాడు ఏమి చేయుచున్నాడు? ధనవంతు డొకడు వచ్చి, “నీ పేరు నాకిమ్ము, నెలకింత నీకిచ్చెదను” అనుచున్నాడు. మనవాడు సంతకము పెట్టుచున్నాడు. దుకాణములో నీరు కలిపినది వేరొకడు. మూయువేళ దాటి అమ్మినది వేరొకడు. పిల్లవానికి సీసా చేతికిచ్చినది వేరొకడు. నోటీసు వచ్చునది మాత్రము మనవాని యింటికి. న్యాయస్థానమున నిలువబడునది వాడే. ఆబ్కారీ గుత్తల కాలమున చెట్టెక్కినవాడొకడు, లాభము తిన్నవాడొకడు అని మేము మొదట చెప్పితిమి. ఇది ఆ గుత్తయే, క్రొత్తవేషము వేసికొని మన గుమ్మమునకు వచ్చినది. నాడు మనపై పెట్టిరి. నేడు మనమే సంతకము చేయుచున్నాము. ఇంతే భేదము.

కావున ఈ మహాసభ ముందు మేము కొన్ని సూచనల నుంచుచున్నాము. మన వసతిగృహ భవనములందు సెలవుదినములలో ఈ వృత్తియందున్న యువకులకు, యువతులకు తరగతులు పెట్టవలెను. విశ్రాంత ఎక్సైజు ఉద్యోగియు, ఒక వైద్యుడును, ఒక న్యాయవాదియు చెప్పినచో నాలుగు ఆదివారములలో ఈ విద్య పూర్తియగును. ఆయా రాష్ట్రపు లైసెన్సుషరతులను తేటతెలుగున ఒక చిన్నపుస్తకముగా అచ్చువేయించి ప్రతి కౌంటరునకు పంపవలెను. మన సంఘసభ్యులగు లైసెన్సుదారులు, నిరాకరించిన పనివానిని తొలగింపమని సంతకము చేసిన పత్రమును సంఘమునకు దాఖలు చేయవలెను. కేటాయింపు దుకాణములను పేరువరకే తీసికొని పరుల కిచ్చువారిని సంఘము మందలింపవలెను. మందలించుటతో నూరకుండక, పదుగురు గీతకుటుంబములవారు చట్టమునకు లోబడి పాలు గలిసి పెట్టుబడి పెట్టుకొనుటకు పోషకులు తక్కువ వడ్డీకి అప్పు సమకూర్పవలెను. కల్లుసంఘములు తమ కల్లును తామే పరీక్షకు పంపి, ఫలితమును దుకాణపు గోడపై అంటింపవలెను. ఈ పనులను చూచు ఉపసంఘమున సగము స్థానములు స్త్రీలకుండవలెను. ఈ వ్యాపారపు మంచిచెడ్డలు చెప్పుటకు వారికంటె అర్హులు లేరు.

“ఇవన్నియు చేసినచో అమ్మకము తగ్గదా?” యని ఒక మిత్రుడు సభకు మునుపే మమ్మడిగెను. కొంత తగ్గవచ్చును. తగ్గిన యా కొంత ఏది? పసివానికి అమ్మిన సీసా, పడిపోయినవానికి పోసిన చివరిగ్లాసు, పొడి కలిపిన ముంత. ఆ పైకము మన యిండ్లకు రాకపోవుటవలన మన పిల్లలు పస్తుండరు. చెట్టెక్కువాడు ఎన్ని చెట్లెక్కెనని మాత్రమే మన పెద్దలు లెక్కింపలేదు. సాయంకాలము క్షేమముగా దిగెనా యని వాని యిల్లాలు గుమ్మమున నిలిచి చూచెడిది. త్రాగవచ్చినవాని యిల్లాలును అట్లే యొక గుమ్మమున నిలిచి చూచుచుండును. ఆమెకు మనము జవాబుదారులము.

 ఈ సూచనలలో తగినవానిని విషయనిర్ణాయకసంఘమువారు తీర్మానరూపమున రేపటి సభకు తెత్తురని ఆశించుచు విరమించుచున్నాము.